తొలకరి పద్యం

మృగశిర కార్తెలో మొదటి చినుకు పడిందంటే చాలు, అమ్మ ఒక పద్యం అందుకునేది. తొలకరి మీద. మట్టివాసన, మబ్బు, గాలికి ఊగే వేపచెట్టు. అంతవరకే. "తర్వాత ఏదో ఉంది, గుర్తు రావట్లేదు" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అమ్మకి ఎనభై దాటాక, ఆ మిగతా సగం పోగొట్టుకోకూడదనిపించింది. రాసిందెవరో వెతకటం మొదలుపెట్టాను. రాయప్రోలు, కృష్ణశాస్త్రి, వేదుల, నాయని... దొరికిన సంపుటాలన్నీ తిరగేశాను. రెండేళ్ళు గడిచాయి. ఎక్కడా లేదు.

ఓ రోజు విసుగొచ్చి, "అసలు నీకెవరు నేర్పారమ్మా?" అనడిగాను.

"మా అమ్మ. ఆడవాళ్ళ పత్రికలో చూసి నేర్చుకుందిట."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వడిగావా?"

సిగ్గేసింది. స్త్రీల సాహిత్యం గురించి క్లాసులో గంటలు గంటలు మాట్లాడేదాన్ని. పద్యం బాగుంది కాబట్టి మగవాళ్ళదే అయ్యుంటుందని నాకు తెలియకుండానే తీర్మానించేసుకున్నాను.

ఊటుకూరి లక్ష్మీకాంతమ్మగారి 'ఆంధ్ర కవయిత్రులు' తీశాను. ఎందరి పేర్లో ఉన్నాయి, నా పద్యం లేదు. 1902లో మొదలైన 'హిందూ సుందరి', 1928లో కె.ఎన్. కేసరిగారు మద్రాసు నుంచి తెచ్చిన 'గృహలక్ష్మి'... ఆడవాళ్ళ కోసం ఎన్ని పత్రికలు వచ్చాయో! చివరికి వేటపాలెం వెళ్ళాను. 1918లో పెట్టిన సారస్వత నికేతనంలో పాత పత్రికలు ముందేసుకుని కూర్చున్నాను. మూడోరోజు, అట్ట ఊడిపోయిన ఒక సంచికలో పద్యం కనిపించింది.

మర్చిపోయిన సగంలో ఆమె చినుకుల్లో తడుస్తూ చేనిగట్టు మీదికి పోవాలనుకుంటుంది. పోలేదు. పెరట్లో పిడకలు తడుస్తున్నాయి. డాబా మీద వడియాలు తడుస్తున్నాయి. ఉయ్యాల్లో బిడ్డ ఏడుస్తోంది. పద్యం అక్కడితో అయిపోయింది. మాకు గుర్తున్న సగం ఏ భావకవైనా రాసి ఉండొచ్చు. ఈ సగం మాత్రం ఆ పిడకలు మోసిన చెయ్యే రాయగలదు.

కింద "ఒక సోదరి" అని ఉంది, అంతే. ఆ సోదరి పేరు కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

ఇంటికొచ్చి అమ్మకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అవును, వడియాలే," అంది చివరికి. "అక్కడికొచ్చేసరికి మా అమ్మ గొంతు తగ్గించేసేది. అందుకే నాకు సరిగ్గా పట్టుబడలేదు."

మళ్ళీ చదవమంది. ఈసారి గట్టిగా చదివాను.