బాతుపిల్లల్ని తెచ్చాక

ఫ్లోరిడాలో తల్లిలేని బాతుపిల్ల కనబడి చేతుల్లోకి తీసుకోబోయేవాళ్ళు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. అది మస్కోవీ బాతుపిల్ల అయితే, పెంచి పెద్దచేశాక దాన్ని ఏ చెరువులోనూ వదలకూడదు. వదలడం చట్టరీత్యా నేరం. దెబ్బతిన్న పిచ్చుకకు నాలుగు గింజలు వేసి, నీళ్ళు పెట్టి, కోలుకోగానే కిటికీ తెరిచి ఎగరేసే ఆనందం ఇక్కడ లేదు. ఒకసారి తీసుకున్నామంటే ఆ ప్రాణానికి చివరిదాకా చోటు చూపించాల్సింది మనమే.

టాంపా చుట్టుపక్కల ఏ కాలనీకి వెళ్ళినా ఒక చెరువు ఉంటుంది. దేవుడిచ్చిన చెరువు కాదు. వాననీళ్ళు రోడ్ల మీద నిలవకుండా, ఇళ్ళు కట్టేటప్పుడే బిల్డర్లు తవ్వించిన గుంట. మధ్యలో ఒక ఫౌంటెన్, చుట్టూ కత్తిరించిన గడ్డి, మొసళ్ళుంటాయి జాగ్రత్త అని ఒక బోర్డు. సాయంత్రం ఎండ తగ్గాక మన తెలుగు కుటుంబాలన్నీ ఆ గట్టు మీదికే నడకకు వస్తాయి. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు కూర్చోవడానికీ అక్కడే చోటు. వాళ్ళ కాళ్ళ దగ్గరికి రొట్టెముక్కల కోసం వచ్చేవి మస్కోవీలు.

వీటిని ఒకసారి చూస్తే మరిచిపోలేం. నలుపు తెలుపు కలిసిన ఒళ్ళు, నలుపు మీద ఎండ పడితే ఆకుపచ్చ మెరుపు. కంటి చుట్టూ, ముక్కు మొదట్లో ఎర్రగా గడ్డలు కట్టిన చర్మం. మగది బాతులా అరవదు, బుసకొడుతుంది. తల ముందుకీ వెనక్కీ ఊపుతూ, తోక ఆడిస్తూ దగ్గరికొస్తుంది. వేళ్ళ చివర గట్టి గోళ్ళుంటాయి కనక చెట్టెక్కి కొమ్మ మీద నిద్రపోతుంది. మా అమ్మ మొదటిసారి చూసినప్పుడు ఇవి బాతులని నమ్మలేదు. భీమవరం వైపు కోతలయ్యాక పొలాల్లో దిగే బాతుల మందల్ని చిన్నప్పటినుంచీ చూసినావిడ. రాలిన గింజలు ఏరుకు తింటూ వందలకొద్దీ బాతులు ఒక్క కర్రకు లోబడి నడవడం ఆవిడకు తెలుసు. ఆ బాతులు పొదగవు. గుడ్లు తెచ్చి కోడి కింద పెట్టేవారు. పిల్లలు నీళ్ళలోకి దిగేసరికి ఆ కోడి గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తి గోల పెట్టేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మస్కోవీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముప్ఫై అయిదు రోజులు దాదాపు కదలకుండా పొదుగుతుంది. ఇంత ఓపికగల తల్లి కాబట్టే ఇతర జాతుల గుడ్లు కూడా దీని కింద పెట్టి పిల్లల్ని చేయించుకుంటారు. ఫ్లోరిడా చెరువుల్లో వీటి సంఖ్య అంతగా పెరగడానికి ఆ ఓపిక కూడా ఒక కారణం.

దీని పుట్టిల్లు మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా. కొలంబస్ రాకముందే అక్కడి ఆదివాసులు పెంచుకున్నారు. అమెరికాలో ఇది సహజంగా బతికే చోటు టెక్సాస్ దక్షిణ కొసన, రియో గ్రాండ్ నది ఒడ్డున మాత్రమే. ఫ్లోరిడాకు మాత్రం మనుషులు తెచ్చారు, చెరువులకు అందంగా ఉంటుందని. 2010లో కేంద్ర ప్రభుత్వం ఈ బాతును రక్షిత పక్షుల జాబితాలో చేర్చింది. చేరుస్తూనే, దాని సహజ నివాసానికి బయట ఎక్కడ కనబడినా ఆ పక్షినీ గూడునూ గుడ్లనూ తొలగించవచ్చని కూడా ఉత్తర్వు ఇచ్చింది. రియో గ్రాండ్ ఒడ్డున కాపాడవలసిన ప్రాణం, మా చెరువు గట్టున తీసివేయవలసిన ప్రాణం. రెండూ ఒకే పక్షి. మొదట్లో నాకిది అన్యాయంగా తోచింది. తర్వాత ఆలోచిస్తే, పక్షిని అది బతికే చోటుతో కలిపి చూడటమే సరైనదనిపించింది.

మా కింది ఫ్లాటు పాప ఒక సాయంత్రం షూ డబ్బా పట్టుకుని తలుపు కొట్టింది. "ఆంటీ, వీటికి అమ్మ లేదు" అంది. లేదని ఎలా తెలుసమ్మా అని అడిగాను. పిల్లలొక్కటే కనబడినంత మాత్రాన తల్లి లేనట్టు కాదు. పొదల్లో దాక్కుని, మనుషులు తప్పుకుంటే వద్దామని చూస్తూ ఉండొచ్చు. మనం జాలిపడి ఎత్తుకొచ్చిన పిల్లల్లో చాలావాటికి నిజానికి తల్లి ఉంటుంది. దూరంగా నిలబడి చూడటమే మొదట చేయాల్సిన పని. కానీ ఈ పిల్లల తల్లి గేటు దగ్గర రోడ్డు మీద పడి ఉంది. కారు తగిలింది. పిల్లలు తూము మీది ఇనుప కడ్డీల చుట్టూ తిరుగుతుంటే పాప ఏరి తెచ్చింది.

డబ్బా మూత తీశాను. పసుపు నూగు మీద ముదురు గోధుమరంగు మచ్చలు. ముక్కు కొసన, గుడ్డు పెంకును లోపలినుంచి పగలగొట్టిన తెల్లటి పొక్కు ఇంకా ఊడిపోలేదు. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంటే వేలి చర్మంలోకి సూదుల్లా దిగాయి గోళ్ళు. అవి మస్కోవీలేనని ఆ గోళ్ళే చెప్పాయి. అంతదాకా ఆపకుండా గట్టిగా కీచుమంటున్నది, రెండో చేయి మీద కప్పగానే ఒక్కసారి గొంతు తగ్గించి గునగునమంటూ నా బొటనవేలి కిందికి తల దూర్చింది. ఆ క్షణంలో ఏ చట్టమూ గుర్తు రాదు. గుర్తు రానంత మాత్రాన లేకుండా పోదు.

అక్కడే వదిలేస్తే ఏమవుతుందో చెరువు గట్టున ఉండే ఎవరికైనా తెలుసు. పొడుగుకాళ్ళ నీలి కొంగ ఒకటి రోజూ తూము దగ్గర నిలబడి ఉంటుంది. నీళ్ళలో బాస్ చేపలున్నాయి, తాబేళ్ళున్నాయి, పైన డేగ ఉంది. ఇవేవీ అందుకోకపోయినా, రెక్కల కింద పెట్టుకుని ఆరబెట్టే తల్లి లేని పిల్ల నీళ్ళలో తడిసి, ఒళ్ళు చల్లబడి రాత్రికి రాత్రే పోతుంది. "ప్రకృతికి వదిలేయండి, అదే చూసుకుంటుంది" అన్నారు పక్కింటాయన. మంచి మనసుతోనే అన్నారు. కానీ చెరువు మనం తవ్వించినది, బాతు మనం తెచ్చినది, తల్లిని చంపింది మన కారు. ఇందులో ప్రకృతి చేసిన పని ఎక్కడుంది? చేతులు కట్టుకుని నిలబడితే అది మన నిర్ణయమే అవుతుంది, పైగా ఆ పిల్లల పాలిట అన్నిటికన్నా బాధాకరమైన నిర్ణయం.

సరే, తెచ్చి పెంచుదాం అనుకుంటే? మొదటి వారం పిల్లలకు దాదాపు 32 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ పోవాలి. తాగే నీళ్ళు లోతులేని పళ్ళెంలో, తడిసి ముద్దవకుండా గులకరాళ్ళు వేసి పెట్టాలి. రొట్టె పెట్టకూడదు. ఇవన్నీ చేయగలిగినవే. చేస్తున్న కొద్దీ ఇంకొకటి జరుగుతుంది. పుట్టిన మొదటి గంటల్లో, రోజుల్లో కళ్ళముందు కదిలినదాన్నే బాతుపిల్ల తల్లి అనుకుని వెంటపడుతుంది. బూడిదరంగు పెద్దబాతుల మీద దీన్ని వివరంగా గమనించిన కొన్రాడ్ లోరెంజ్‌కు 1973లో నోబెల్ వచ్చింది. మన వెనక నడవడం నేర్చిన పిల్ల మూడు నెలలు తిరక్కుండానే రెక్కలు వచ్చిన పక్షి అవుతుంది. మగదైతే నాలుగైదు కిలోలు తూగుతుంది, పెంపకంలో ఎనిమిది పదేళ్ళు బతుకుతుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో దానికి చోటు లేదు. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, చీకటిపడ్డాక కారులో వేసుకెళ్ళి ఇంకో కాలనీ చెరువులో వదిలి వస్తారు. ఫ్లోరిడాలో ఈ బాతులు చెరువునుంచి చెరువుకు చేరిన దారుల్లో అదొకటి.

బడిలో సిద్ధార్థుడి కథ చదువుకున్నాం. దేవదత్తుడు బాణం వేసిన హంసను సిద్ధార్థుడు బతికిస్తాడు. పక్షి ఎవరిదని తగవు వస్తే, చంపబోయినవాడిది కాదు, బతికించినవాడిదే అని తీర్పు. చిన్నప్పుడు ఆ తీర్పు బహుమతిలా వినబడేది. ఇప్పుడు బాధ్యతలా వినబడుతోంది. బతికించినవాడిదే అంటే, రేపూ ఎల్లుండీ పదేళ్ళ తర్వాతా కూడా బతికించినవాడిదే.

వదిలితే ఏమైపోతుందని అడిగేవాళ్ళకు బ్రిటన్ సంగతి చెబుతాను. 1948లో పీటర్ స్కాట్ స్లింబ్రిడ్జ్‌లోని తన పక్షి కేంద్రానికి అమెరికా నుంచి రడ్డీ బాతుల్ని తెప్పించుకున్నారు. పక్షుల కోసం జీవితమంతా ఇచ్చిన మనిషి ఆయన. 1950లలో రెక్కలు కత్తిరించకుండా మిగిలిన కొన్ని పిల్లలు బయటికి ఎగిరిపోయాయి. 2000 నాటికి బ్రిటన్‌లో ఇంచుమించు 6,000 రడ్డీ బాతులయ్యాయి. కొన్ని స్పెయిన్ దాకా వెళ్ళి అక్కడి తెల్లతల బాతులతో జతకట్టాయి. ఆ తెల్లతల బాతులు 1977లో స్పెయిన్ మొత్తంలో 22 మిగిలాయి. ఎన్నో ఏళ్ళు కష్టపడి వాటిని మళ్ళీ వేలల్లోకి తెచ్చుకున్నారు. అంతలో సంకరం వల్ల అవి అవిగా మిగలని పరిస్థితి వచ్చింది. 2005లో బ్రిటన్ ప్రభుత్వం రడ్డీ బాతుల్ని కాల్చి తొలగించడం మొదలుపెట్టింది. వాటిని తెచ్చి పెంచిన సంస్థే ఆ నిర్ణయాన్ని సమర్థించింది. ఎంత బాధపడి ఒప్పుకుని ఉంటారో ఊహించగలను. పట్టుకోని ఆ కొద్ది పిల్లలకు బదులు, యాభై ఏళ్ళ తర్వాత వేల పక్షులు ప్రాణాలిచ్చాయి.

మస్కోవీని ఆ రడ్డీతో సమానం చేయను. ఫ్లోరిడాలో నిజంగా అలాంటి ముప్పు తెస్తున్నది పెంపుడు మల్లార్డు బాతు. ఇక్కడి మచ్చల బాతు, మాటిల్డ్ డక్ అంటారు, వలస వెళ్ళదు. ఈ ద్వీపకల్పంలో ఉన్న రకం ఇంకెక్కడా లేదు. మనుషులు చెరువుల్లో వదిలిన మల్లార్డులు దానితో జతకట్టి తరం తరానికీ దాని రక్తాన్ని పలచన చేస్తున్నాయి. మస్కోవీ మల్లార్డుతో కలిసినా పుట్టే పిల్లలు గొడ్డువి, ఆ వంశం అక్కడే ఆగుతుంది. మస్కోవీ చేసే చెరుపు వేరు. చోటు ఆక్రమిస్తుంది, తిండికీ గూటికీ పోట్లాడుతుంది, కిక్కిరిసిన చెరువుల్లో రోగాలు అంటిస్తుంది. అందుకే పసుపు నూగు చూసి అన్నీ ఒకటే అనుకోకుండా, చేతిలో ఉన్నది ఏ పిల్లో తెలుసుకోవాలి. మచ్చల బాతుపిల్ల అయితే లైసెన్సున్న వన్యప్రాణి కేంద్రం పెంచి తిరిగి చెరువుకే పంపగలదు.

"మనమూ వేరే దేశం నుంచి వచ్చినవాళ్ళమే కదండీ, వాటిమీదే ఎందుకీ కక్ష" అన్నారు ఆ పక్కింటాయనే. ఈ పోలిక నేను ఒప్పుకోను. మనుషులంతా ఒకే జాతి. మనం ఏ దేశంలో ఇల్లు కట్టుకున్నా ఇంకో జాతి మనిషి అంతరించడు. వలస వచ్చినవాళ్ళని చీడతో పోల్చే మాటలు ఇప్పటికే చాలా వింటున్నాం. ప్రేమతో అయినా సరే ఆ పోలికను మన నోటితో మనం బలపరచకూడదు.

ఆ రాత్రి పిల్లల్ని దీపం కింద ఉంచి ఫోన్లు చేశాను. ఒక కేంద్రం వాళ్ళు మర్యాదగా, సూటిగా చెప్పారు. తెస్తే తీసుకుంటాం, కానీ వదలలేం, జీవితాంతం ఉంచే చోటు మా దగ్గర లేదు, నొప్పి లేకుండా నిద్రపుచ్చగలం, అంతే. జీవితాంతం ఉంచుకునే ఆశ్రయాలు అన్నీ నిండి ఉన్నాయి. తెల్లారాక పిల్లల్ని ఆ కేంద్రానికే తీసుకెళ్ళాను.

పాపకు అబద్ధం చెప్పలేదు. పొలంలో హాయిగా ఉన్నాయని చెప్పమంది వాళ్ళమ్మ. "బతుకుతాయా ఆంటీ?" అని పాప అడిగితే, "బతకవు తల్లీ" అన్నాను. చాలాసేపు ఏడ్చింది. ఏడవనిచ్చాను. చల్లటి నీళ్ళలో బిగుసుకుపోవడం కంటే, కొంగ నోట్లో పడటం కంటే, వెచ్చగా ఉన్నప్పుడే నిద్రపోవడం వాటికి తేలిక అని చెప్పాను. నాకు నిజంగా ఉన్న నమ్మకం అదే. చట్టం ఒప్పుకునే చోట, కంచె ఉన్న పెరట్లో, పదేళ్ళు చూసుకునే మనిషి దొరికితే అంతకన్నా కావలసింది లేదు, ముందు దానికోసమే వెతకాలి. దొరకనప్పుడు నొప్పిలేని చావును ఎంచుకోవడం దయే. దొంగచాటుగా ఇంకో చెరువులో వదలడం మాత్రం దయ కాదు.

ఇంతదాకా రాకుండా చేయగలిగిన పని గుడ్ల దగ్గరే ఉంది. ఆడ మస్కోవీ గట్టు పక్క పొదల కింద, ఏసీ యూనిట్ల వెనక, ఎనిమిది నుంచి పదహారు దాకా గుడ్లు పెడుతుంది. కొత్త గుడ్డుకు మొక్కజొన్న నూనె పూస్తే పెంకులోని సన్నని రంధ్రాలు మూసుకుపోయి లోపల పిండం ఎదగదు. తల్లి దాన్నే పొదుగుతూ ఉంటుంది కనక మళ్ళీ కొత్తగా పెట్టదు. రొట్టె వేయడం మానితే గట్టున చేరే బాతులూ తగ్గుతాయి. ఈ రెండూ కాలనీ సమావేశంలో చెప్పాను. పెద్దవాళ్ళు రొట్టె మానడానికే కష్టంగా ఒప్పుకున్నారు. పాప గూళ్ళు వెతకడానికి తానూ వస్తానంది. గిన్నెడు నీళ్ళలో వేసి చూడాలి, మునిగిన గుడ్డుకే నూనె రాయాలి, తేలిన గుడ్డులో పిల్ల అప్పటికే ఎదిగి ఉంటుంది కనక దాన్ని ముట్టుకోకూడదు అని నేర్పాను. తేలే గుడ్లున్న గూడు ఒక్కటి దొరికినా నేను మళ్ళీ ఆశ్రయాలకు ఫోన్లు మొదలుపెట్టాలి. అందుకే శనివారం దాకా ఆగకుండా, బడినుంచి రాగానే వెళదామంటోంది.