జట్టు లేని అభిమానులు

సియాటిల్ వీధుల్లో సూపర్‌సోనిక్స్ ఆకుపచ్చ, పసుపు జెర్సీలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ బాస్కెట్‌బాల్ జట్టు ఊరు వదిలి వెళ్లింది మాత్రం 2008లో!

41 సీజన్లు అక్కడే ఆడింది. 1979లో ఎన్‌బీఏ టైటిల్ కొట్టింది. 1996 ఫైనల్లో గ్యారీ పేటన్, షాన్ కెంప్ ఉండి కూడా మైకేల్ జోర్డాన్ ఆడిన చికాగో బుల్స్ చేతిలో ఓడింది. ఓడినందుకు అభిమానులేమీ మొహం చాటేయలేదు. కొంప ముంచింది స్టేడియం బేరం. 2006లో స్టార్‌బక్స్ అధిపతి హోవర్డ్ షుల్ట్జ్ జట్టును ఓక్లహోమా వ్యాపారులకు అమ్మేశాడు. కొత్త స్టేడియానికి ప్రజల సొమ్ము దొరకలేదు. పాత స్టేడియం లీజు గొడవ 4.5 కోట్ల డాలర్లతో తెగింది. సోనిక్స్ పేరు, రంగులు ఊరికి మిగిలాయి, ఆటగాళ్లు ఓక్లహోమా సిటీకి వెళ్లిపోయారు. ఎంత వింత పంపకం!

2008 ఏప్రిల్ 13న సొంతగడ్డపై చివరి ఆట. ఆ సీజన్‌లో గెలిచినవి 20, ఓడినవి 62. ఆ రాత్రి మాత్రం డల్లాస్‌ను 99-95తో ఓడించారు. గ్యాలరీలన్నీ జట్టును కాపాడమని గొంతు చించుకున్నాయి. మొదటి సీజన్ ఆడుతున్న కెవిన్ డ్యూరాంట్ ఆ జట్టులోనే ఉన్నాడు.

పదేళ్ల తర్వాత, 2018 అక్టోబరులో, గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు ఆటగాడిగా సియాటిల్‌కు ఓ సన్నాహక మ్యాచ్‌కి వచ్చినప్పుడు అతను కెంప్ పాత జెర్సీ తొడుక్కుని కోర్టులోకి నడిచాడు. స్టేడియం హోరెత్తిపోయింది. అభిమాని కొలిచేది ఆటగాడినా, ఊరినా, ఆ రంగులనా? అక్కడ చప్పట్లు కొట్టినవాళ్లనడిగితే మూడూ కలిపే చెబుతారేమో.

సియాటిల్ వదిలి ఓక్లహోమా సిటీ థండర్‌గా మారిన ఆ జట్టు 2025లో టైటిల్ గెలిచింది. ఫ్రాంచైజీ లెక్కలో అది రెండోది. మొదటిది సియాటిల్ గెలిచిన 1979దే.