ఎనిమిది సీసాల తొక్కు

మా ఇంట్లో మామిడికాయ తొక్కు పెట్టే రోజు అమ్మ ముందుగా అడిగేది కాయ పులుపు గురించి కాదు, నూనె గురించి కాదు. "ఇంట్ల ఎవరన్న బయటున్నరా?" అని అడుగుతుంది. బయట ఉండడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ మూడు రోజులూ ఆడవాళ్లు తొక్కు సీసా ముట్టుకుంటే తొక్కు బూజు పడుతుందని మా అమ్మ నమ్మకం. వాళ్ల అమ్మదీ అదే. మా పక్కింటి గుజరాతీ బా కూడా ఆవకాయ మాట వచ్చినా అప్పడాల మాట వచ్చినా సరిగ్గా ఇదే చెబుతుంది. భాష మారింది గానీ భయం మారలేదు.

మాది వరంగల్ వైపు ఒక పల్లె. నాయిన 1980లలో సూరత్ వచ్చి లింబాయత్‌లో సాంచాల మీద పనిచేశాడు. నేను ఇక్కడి మున్సిపల్ తెలుగు మీడియం బడిలో చదువుకుని, ఇప్పుడు రింగ్ రోడ్డులో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. వంట ఎలా వచ్చిందని స్నేహితులు అడుగుతుంటారు. నిజం చెప్పాలంటే ఆ ఆచారమే నాకు వంట నేర్పింది. అమ్మ మోకాళ్లు అరిగాక, నెలకు మూడు రోజులు నా భార్య పొయ్యి దగ్గరికి రాకూడదు కాబట్టి గరిటె నా చేతికి వచ్చింది. మొదట్లో పప్పుచారుతో సరిపెట్టాను. తర్వాత ఇష్టం పుట్టింది. తూకం వేసుకుని, నోటు పుస్తకంలో రాసుకుని, ఒకసారి ఒక్కటే మార్చి చూడడం అలవాటైంది. లెక్కలు రాసేవాడి జబ్బు అనుకోండి!

ఆ పుస్తకం తిరగేస్తే అమ్మ మాటలు చాలావరకు నిజమే అని తేలింది. ముక్కలు తడి లేకుండా తుడిచి నీడకు ఆరబెట్టాలంటుంది. నిజమే. తడి గరిటె పెట్టొద్దంటుంది. అదీ నిజమే. ఒకసారి "ఇంత ఉప్పెందుకు, బీపీ వస్తుంది" అని సగానికి తగ్గించాను. మూడు వారాలకే వాసన తేడా కొట్టింది. అమ్మ ఏమీ అనలేదు, నా వైపు ఒక చూపు చూసిందంతే.

చేయి పెట్టి కలిపితేనే ఇడ్లీ పిండి పొంగుతుందన్న మాట కూడా పరీక్షించాను. ఒకే పిండిని రెండు గిన్నెల్లో పోసి, ఒకదాన్ని చేత్తో, ఒకదాన్ని గరిటెతో కలిపి పక్కపక్కనే పెట్టాను. సూరత్ ఎండాకాలంలో రెండూ పొద్దునకల్లా మూతలు లేపాయి. ఇడ్లీ పిండిని పొంగించేది ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా అని, అది మినప్పప్పుతోనే వస్తుందని 1965లోనే శాస్త్రవేత్తలు ప్రచురించారు. మన చెయ్యి దానికి అవసరం లేదన్నమాట.

సరే, అసలు విషయానికి వస్తాను.

2023 ఏప్రిల్‌లో మా అమ్మాయి పెద్దమనిషి అయింది. పదమూడేళ్లు. మేలో రాజాపురి కాయలు కొట్టించి తెచ్చాను. ముక్కలు తుడవడానికి అది వచ్చి కూర్చోబోతే అమ్మ ఆపింది. "నువ్వు దూరముండు బిడ్డా, తొక్కు ఖరాబైతది." అది లేచి గడప అవతల నిలబడి నన్నడిగింది.

"డాడీ, నిజంగ ఖరాబైతదా?"

"కాదు, అదంతా మూఢనమ్మకం," అన్నాను వెంటనే.

"నువ్వు చేసి చూసినవా?"

ఇన్నేళ్లుగా హేతువాద సభలకు వెళుతున్న నా దగ్గర జవాబు లేదు. చేసి చూడలేదు. పుస్తకాల్లో చదివాను, అంతే. అమ్మ వాళ్లమ్మ దగ్గర విని నమ్మింది, నేను పుస్తకం చూసి నమ్మాను. నా మాట నిజమే కావచ్చు. కానీ గడప అవతల నిలబడ్డ పిల్లకు మాత్రం రెండూ పెద్దవాళ్లు చెప్పే మాటలే.

సరే, చేసి చూద్దాం అనుకున్నాం.

నా మొదటి పథకం సిగ్గుపడాల్సిందే. అమ్మాయి చేత కలిపించి, అమ్మకు చెప్పకుండా వడ్డించి, ఆర్నెల్లు తిన్నాక "చూశావా, ఏమీ కాలేదు" అందామనుకున్నాను. మా అమ్మాయే ఒప్పుకోలేదు. "నానమ్మకు చెప్పకుంట తినిపిస్తే చీటింగ్ కదా?" అంది. చీటింగే. మనకు తప్పనిపించే నమ్మకమైనా సరే, ఆ మనిషిని అడక్కుండా ఆమె నోట్లో పెట్టే హక్కు మనకు లేదు. అమ్మకు చెప్పాం. చాలాసేపు గొణిగింది. చివరికి, "నేనైతే నోట్ల పెట్టుకోను. చూస్త, వాసన చూస్త. ఏది ఖరాబైందో చెప్త. నాకెట్ల తెల్వది?" అంది. మాకు కావలసిందీ అదే.

ఇక్కడ రొనాల్డ్ ఫిషర్ గుర్తొచ్చాడు. 1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో అతని సహోద్యోగిని మ్యూరియల్ బ్రిస్టల్, కప్పులో ముందు పాలు పోశారో, టీ పోశారో రుచి చూసి చెప్పగలనందట. ఎగతాళి చేయకుండా పరీక్ష పెట్టారు. 1935లో ఫిషర్ తన పుస్తకంలో ఎనిమిది కప్పుల లెక్క రాశాడు. నాలుగు ఒక రకం, నాలుగు ఇంకో రకం, వరస కలిపేసి ఇస్తారు. ఎనిమిదిలో నాలుగింటిని ఎంచుకోవడానికి 70 దారులున్నాయి. కాబట్టి ఏమీ తెలియకుండా నాలుగూ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1. రెండు తప్పు, రెండు ఒప్పు కావడం మాత్రం 70లో 36 సార్లు జరుగుతుంది. అంటే కళ్లు మూసుకుని ఏరినా సగానికి పైగా సార్లు అదే ఫలితం.

మేమూ ఎనిమిది సీసాలు తీసుకున్నాం. అన్నీ ఒకే రకం గాజు సీసాలు, కడిగి ఎండలో పెట్టినవి. ఒక్కో సీసాకు అర కిలో ముక్కలు, 90 గ్రాముల ఉప్పు, 90 గ్రాముల రేషంపట్టి కారం, 60 గ్రాముల ఆవపిండి, 60 గ్రాముల అల్లం వెల్లుల్లి ముద్ద, 10 గ్రాముల మెంతిపొడి, 200 మిల్లీలీటర్ల పల్లి నూనె. (ఇక్కడివాళ్లు సింగ్ తేల్ అంటారు.) అన్నీ నేనే తూచాను. మా అమ్మాయి రెండో రోజున నాలుగు సీసాలకు చేత్తో కలిపింది. అదే గంటలో నా భార్య, తను బయట లేని రోజు కనుక, మిగతా నాలుగూ కలిపింది. చీటీలు తీసి సీసాల అడుగున నంబర్లు వేశాం. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం కవర్లో పెట్టి, అంటించి, బీరువాలో పెట్టాం. అమ్మ పద్ధతి ప్రకారమే మూతికి గుడ్డ కట్టి, అన్నిటినీ వంటింటి అరలో వరసగా పేర్చాం.

జూన్, జూలై గడిచాయి. ఆగస్టులో, వానలు ముదిరాక, రెండు సీసాల్లో పైన తెల్లగా బూజు కనిపించింది.

దాచడమెందుకు, నా గుండె జారింది. అమ్మ మాత్రం, "ఇగో, చూసినవా?" అంది. ఆ రెండూ, ఇంకో రెండూ ఏరి పక్కన పెట్టింది. "ఈ నాలుగు పిల్ల కలిపినయి." మా అమ్మాయి ముఖం చూడలేకపోయాను. ఆ క్షణంలో నా మనసులో వచ్చిన ఆలోచన కూడా చెప్పేస్తాను. కవరు తెరవకుండా ఏదో ఒక సాకు చెబుదామా అనిపించింది. మన వైపు ఫలితం రాదేమో అన్నప్పుడు మనమూ జ్యోతిష్యుడిలాగే సాకులు వెతుకుతామని ఆ రోజు తెలిసింది.

కవరు తెరిచాం. అమ్మ ఏరిన నాలుగింటిలో రెండు అమ్మాయివి, రెండు నా భార్యవి. బూజు పట్టిన రెండింటిలో ఒకటి అమ్మాయిది, ఒకటి నా భార్యది. మరి వాటికే ఎందుకు పట్టింది? ఆ రెండు సీసాలూ అర చివర, కిటికీ పక్కన ఉన్నాయి. జల్లు కొట్టి మూతి గుడ్డలు చెమ్మగిల్లాయి. పైగా రెండింటిలోనూ ముక్కలు నూనెపైకి తేలి ఉన్నాయి.

తొక్కు నిలవ ఉండడం వెనక మహత్యం ఏమీ లేదు. పచ్చిమామిడి పులుపులో చాలా బాక్టీరియా బతకలేదు. మేం వేసిన ఉప్పు, ముక్కల్లోని నీళ్లతో కలిపి లెక్కేస్తే, సుమారు 16 శాతం ఉప్పునీరు అవుతుంది. అంత ఉప్పులో సూక్ష్మజీవులకు తాగడానికి నీరు దొరకనట్టే. పైనున్న నూనె గాలిని ఆపుతుంది. బూజుకు గాలి కావాలి, చెమ్మ కావాలి. నూనెపైన తేలిన ముక్క, తడిసిన గుడ్డ ఆ రెండూ ఇచ్చాయి. ఈ లెక్కలో కలిపిన మనిషికి ఏ రోజు అన్నది ఎక్కడా రాదు.

ఎనిమిది సీసాలు చాలా తక్కువ కదా అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పైగా కలిపిన చేతులు వేరు, మనుషులు వేరు. అందుకే 2024లో తారుమారు చేశాం. ఈసారి బయట ఉన్నది నా భార్య, లేనిది అమ్మాయి. గుడ్డకు బదులు బిగుతు మూతలు, కిటికీకి దూరంగా అర, ముక్కలు మునిగేదాకా నూనె. ఎనిమిదింటిలో ఒక్కటీ పాడు కాలేదు. రెండేళ్ల లెక్క కలిపితే, బయట ఉన్నవాళ్లు కలిపిన ఎనిమిదిలో ఒకటి పాడైంది, లేనివాళ్లు కలిపిన ఎనిమిదిలోనూ ఒకటి పాడైంది. ఏదో కొంచెం తేడా ఉండొచ్చు అనే వాదనను కాదనడానికి ఇది చాలదు. కానీ మా ఇంట్లో మాట "కొంచెం" కాదు, "ముట్టుకుంటే ఖరాబైతది" అని. ఆ మాట పడిపోవడానికి ఏడు మంచి సీసాలు చాలు.

ఇది మన పల్లెల అజ్ఞానం మాత్రమే అనుకోకండి. క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, ముట్టుతో ఉన్న స్త్రీ దగ్గరికి వస్తే కొత్త ద్రాక్షరసం పులిసిపోతుందని రాశాడు. 1920లో వియన్నాలో బేలా షిక్, డిఫ్తీరియా పరీక్ష కనిపెట్టిన పెద్ద డాక్టరు, ముట్టులో ఉన్న పనిమనిషి తాకితే పూలు వాడిపోయాయని, ఆమె ఒంట్లో ఒక విషం ఉందని ప్రకటించాడు. దానికి "మెనోటాక్సిన్" అని పేరు కూడా వచ్చింది. అలాంటి విషం ఉన్నట్టు ఎవరూ రుజువు చేయలేదు. ఇక మన సంగతి. 2020 ఫిబ్రవరిలో ఇదే గుజరాత్‌లో, భుజ్‌లోని ఒక కాలేజీ హాస్టల్లో, వంటగదిలోకి వచ్చారన్న అనుమానంతో 68 మంది విద్యార్థినుల బట్టలు విప్పించి చూశారు. సీసాతో మొదలైన మాట అక్కడిదాకా వెళుతుంది.

కవరు తెరిచిన రోజుకే మళ్లీ వస్తాను. అమ్మ ఆ కాగితం చూసి వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. చాలాసేపు సీసాల వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత నన్నడిగింది.

"అయితే నన్నెందుకు కూసోపెట్టిన్రు?"

నేను పుట్టకముందు సంగతి చెప్పింది. మా అక్కకు రెండేళ్లప్పుడు జ్వరం వచ్చిందట. అమ్మ బయట ఉంది. పసులకొట్టం పక్కన చాప మీద కూర్చుంది. ఇంట్లో పిల్ల "అమ్మా" అని ఏడుస్తుంటే లోపలికి రానివ్వలేదు, ఎత్తుకోనివ్వలేదు. "రెండు రాత్రులు ఇన్న. ముట్టుకుంటే పిల్లకేమైతదో అని నేనే పోలేదు," అంది. ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

ఆ కాగితంతో నేను వాదన గెలిచాను. ఆమెకు మాత్రం దాన్ని ఒప్పుకోవడమంటే, ఆ రెండు రాత్రులూ ఊరికే పోయాయని ఒప్పుకోవడం. మూఢనమ్మకాలను జనం ఎందుకు వదలరని మనం సభల్లో అడుగుతుంటాం. వదలడానికి ఎంత చెల్లించాలో ఆ రోజు చూశాను. నేనేమీ మాట్లాడలేదు. మా అమ్మాయి పోయి వాళ్ల నానమ్మ పక్కన కూర్చుంది.

అమ్మ పూర్తిగా మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. దేవుడి అర దగ్గరికి ఆ మూడు రోజులూ ఇప్పటికీ ఎవరినీ రానివ్వదు. "అది వేరే," అంటుంది. సీసాలతో దాన్ని పరీక్షించే దారి నాకు కనబడలేదు. కానీ తొక్కు పెట్టే రోజు అడిగే ఆ మొదటి ప్రశ్న మానేసింది. ఇప్పుడు ముందుగా కిటికీ మూశామా లేదా అని అడుగుతుంది.

మీ ఇంట్లో కూడా చేసి చూడండి. ఎనిమిది సీసాలు, ఒక తూకం, ఒక కవరు చాలు. ముందు పెద్దవాళ్లకు చెప్పండి. ఫలితం మీకు నచ్చకపోయినా కవరు మాత్రం తెరవండి.