పంక్తిలో కూర్చున్న రాహువు

అమృతము వడ్డించునాడు రాహువు దేవతావేషమున పంక్తిలో జొరబడిన కథ మీరెల్లరు ఎరిగినదే. సూర్యచంద్రులు గుర్తుపట్టి చెప్పునప్పటికే అమృతము గొంతు వఱకు దిగినది. చక్రము తల నఱకెను గాని తల చావలేదు. కంప్యూటరు పని చేయు మా మరిది తన వృత్తిలోని చిక్కొకటి చెప్పగా నాకీ కథయే స్ఫురించినది.

మన ఫోనులో కెర్నెల్ అను మూలభాగము కలదు. ఆండ్రాయిడ్ ఫోనులలో అది 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు. ఇంటి తాళపుచెవులన్నియు దాని కొంగుననే యున్నవి. తక్కిన ప్రోగ్రాములు తమకు కావలసిన వస్తువును సంఖ్య చెప్పి అడుగవలెను. చెప్పువాడు బయటివాడు గదా! మా దుండిగల్లులోని వాయుసేనా శిక్షణాలయ ద్వారమున కావలివారు మాట నమ్మక చీటి చూతురు. అట్లే కెర్నెల్ ఆ సంఖ్య తన పట్టికలో కలదా, అడిగినవానికి హక్కు కలదా యని చూడవలెను. అతిథి మర్యాద వేఱు, ఇది వేఱు.

చూచియు చాలని ఉదాహరణమొకటి 2013లో బయటపడినది. యంత్రపు పనితీరును కొలుచు భాగములో, దేనిని లెక్కింపవలెనో అడుగువాడే సంఖ్యగా నిచ్చును. 64 బిట్ల ఆ సంఖ్యను ఋణసంఖ్యలు సైతము పట్టు 32 బిట్ల పాత్రలో పోసి, పైహద్దు మీఱినదా యని మాత్రమే పరీక్షించిరి. ఋణసంఖ్య ఏ పైహద్దుకైనను తక్కువే! అది నిరాటంకముగ లోనికి పోయి, పట్టికకు వెలుపలి మెమరీని మార్చినది. సామాన్యుడు సర్వాధికారి యగుటకు ఆ సందు చాలును. 2.6.37 కూర్పు మొదలు 3.8.9 వచ్చువఱకు దోషమట్లే యుండెను. దిద్దినది ఒక్క వరుస! మన పొదుపు సొమ్ము, పిల్లల చిత్రములు నేడు ఇట్టి వరుసల చాటుననే యున్నవి.

2018 జనవరిలో వెల్లడియైన స్పెక్టర్ ఇంకను చిత్రము. ఇచట పరీక్ష సరిగనే వ్రాసిరి. కాని ప్రాసెసరు తొందరగలది. ఫలితము తేలకమునుపే సరియే యగునని ఊహించి పట్టికలో చేయి పెట్టును. తప్పని తేలినంతనే చేసినది రద్దుచేయును గాని, దగ్గఱి అరయైన క్యాష్ మెమరీలో జాడ మిగులును. ఏది త్వరగ దొరకినదో కాలము కొలిచి, రహస్యమును పసిగట్టవచ్చును. రాహువు గొంతులోని అమృతమిదియే గదా!

లినక్సువారు దీనికొక ఉపాయము పన్నిరి. హద్దు మీఱిన సంఖ్య ఆ ఊహలో సైతము సున్న యగునట్లు చేసిరి. వడ్డించువాడు తొందరపడినను విస్తరిలో పడునది పట్టికలోని మొదటి పదార్థమే. ఐతే ఈ కట్టు ఎచట వేయవలెనో తెలియవలెను గదా. కోటి వరుసలకు మించిన ఆ గ్రంథములో, ఉపకరణములు కొంత సాయపడినను, అట్టి చోట్లను మనుష్యులు ఒక్కొక్కటిగ వెదకుచున్నారు.