సాలగ్రామాల దారిలో

గోరఖ్‌పూర్‌లో రైలు దిగి సునౌలి దగ్గర నేపాల్ సరిహద్దు దాటాక కూడా నేల బల్లపరుపుగానే ఉంటుంది. వరిచేలు, మామిడితోపులు, ఇటుక బట్టీలు. బుట్వల్ ఊరు రాగానే ఆ మైదానం ఒక్కసారిగా ముగుస్తుంది. బజారు దాటితే ఎదురుగా కొండ. ముక్తినాథ్ వెళ్లే మా తెలుగు యాత్రికుల బస్సు తినావు నది గండిలోకి దూరుతుంటే నేను కిటికీ వదల్లేదు. చాలా ఏళ్లుగా పటాల్లో చూస్తున్న గీత మీదుగా వెళుతున్నాం. మన దేశాన్ని మోస్తున్న భారీ రాతి పలక, అంటే భారత పలక, హిమాలయం కిందికి జారిపోతోంది. ఆ జారుడు తలం భూమి పైకి తేలేది ఈ శివాలిక్ కొండల పాదాల దగ్గరే.

రోడ్డు పక్కన ఇసుకరాతి పొరలు ఏటవాలుగా ఒరిగి ఉన్నాయి. పూర్వం హిమాలయ నదులు తెచ్చి పరిచిన ఇసుక అది. గట్టిపడి రాయి అయ్యింది, మళ్లీ నెట్టుడుకు లోనై లేచి నిలబడింది. పర్వతం తన శిథిలాలతోనే మరో కొండను కట్టుకుంది.

మన పలకకు అన్ని రకాల అంచులూ ఉన్నాయి. నైరుతిన అరేబియా సముద్రం అడుగున కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ దగ్గర పలకలు విడిపోతున్నాయి. ఆ చీలికలోంచి కరిగిన శిల పైకి వచ్చి కొత్త సముద్రగర్భం పుడుతోంది. పడమట పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల మధ్య చమన్ భ్రంశం వెంట పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పక్కలకు జరుగుతున్నాయి. తూర్పున సుమత్రా నుంచి అండమాన్ దాకా సముద్రగర్భం పక్క పలక కిందికి దిగిపోతోంది. బ్యారెన్ ద్వీపంలో అగ్నిపర్వతం ఉన్నది అందువల్లే. 2004 డిసెంబర్ 26న మన కోస్తా ఊళ్ల మీదికి సునామీ వచ్చిందీ ఆ అంచు జారినందువల్లే. ఉత్తరాన ఉన్నది నాలుగో కథ. ఇక్కడ ఖండం ఖండాన్ని ఢీకొంది. ఖండపు శిల తేలిక కాబట్టి సముద్రగర్భంలా లోతుకు మునిగిపోదు. పెచ్చులుగా తెగి, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీదికొకటి ఎక్కుతుంది. హిమాలయం అలా పేరుకున్నదే.

తాన్‌సేన్, పోఖరా, బేనీ. అక్కణ్ణుంచి జీపు దారి కాళీగండకి నది వెంట ఎక్కుతుంది. తాతోపానీ దగ్గర నది ఒడ్డునే వేడినీటి బుగ్గలున్నాయి. కింద నుంచి శిల త్వరత్వరగా పైకి లేస్తూ లోతుల్లోని వేడిని వెంట తెస్తుంది. పగుళ్లలో దిగిన వాననీరు ఆ వేడి తగిలి కాగి పైకి వస్తుంది. కొంచెం ఎగువన దానా ఊరి పరిసరాల్లో హిమాలయపు మరో పెద్ద పెంకు మొదలవుతుంది. దాని అడుగున ఉన్న జారుడు తలం పేరు మెయిన్ సెంట్రల్ థ్రస్ట్. ఇక్కడ రాళ్ల రూపే మారిపోతుంది. తెలుపూ నలుపూ చారలతో మెరిసే నైస్ శిలలు రూప్సే జలపాతం చుట్టూ గోడల్లా నిలబడ్డాయి. ఇరవై కిలోమీటర్లకు పైగా లోతున ఉడికి చారలు తేలిన రాయి అది. దాన్ని చేత్తో తాకి చూశాను.

కలోపానీ దగ్గర జీపు ఆగింది. పడమట 8,167 మీటర్ల ధవళగిరి, తూర్పున 8,091 మీటర్ల అన్నపూర్ణ, నడుమ రెండున్నర వేల మీటర్ల ఎత్తున నది. రెండు మహాశిఖరాలు అయిదున్నర కిలోమీటర్లకు పైగా నిట్టనిలువునా లేచి ఉంటే, వాటి మధ్య నుంచి గండకి దక్షిణానికి పారుతోంది. నేల లేస్తున్నకొద్దీ నది కోసుకుంటూ పోయింది.

ఆ లోయ దాటితే మరో లోకం. మార్ఫాలో ఆపిల్ తోటలు, జోమ్‌సోమ్‌లో మధ్యాహ్నం మొదలై మనిషిని నెట్టేసే గాలి, చెట్టులేని గోధుమరంగు కొండలు. ఇక్కడి రాళ్లు సముద్రంలో పేరుకున్నవి. ఆసియాకూ మన భూభాగానికీ నడుమ ఒకప్పుడు పరచుకున్న ఆ సముద్రానికి భూగర్భ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ జ్యూస్ 1893లో టెథిస్ అని పేరు పెట్టాడు. మన ఖండం ఉత్తరానికి సాగుతున్నకొద్దీ అది కుంచించుకుపోయి, సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం మూసుకుపోయింది. అసలు అతుకు ఇంకా ఉత్తరాన, టిబెట్‌లో, సింధు, సాంగ్‌పో నదుల వెంట ఉంది. స్విస్ భూగర్భ శాస్త్రవేత్త ఔగుస్తో గాన్సర్ 1936లో బౌద్ధ యాత్రికుడి వేషంలో కైలాస ప్రదక్షిణ చేసి, ఆ ప్రాంతంలో పాత సముద్రగర్భపు శిలల్ని గుర్తించాడు.

కాగ్‌బేనీ దగ్గర మావాళ్లంతా ఏటి ఇసుకలో సాలగ్రామాల కోసం వెతకసాగారు. నల్లటి గుండ్రాళ్లు. పగిలినవాటి లోపల చుట్లు చుట్లుగా చక్రం. సుమారు 15 కోట్ల ఏళ్ల క్రితం టెథిస్‌లో ఈదిన అమ్మోనైట్‌ల గవ్వలవి. ఆక్టోపస్, స్క్విడ్‌లకు దూరపు చుట్టాలు. చచ్చి బురదలో కూరుకుపోతే, ఆ బురద నల్లరాయి అయింది.

మా గుంపులోని ఒక పెద్దావిడ నన్ను పిలిచింది. “మా అత్తగారి నాటి సాలగ్రామం ఇంట్లో ఉంది బాబూ. అదీ ఇక్కడిదేనా?”

“ఇక్కడిదే అయ్యుంటుంది పిన్నిగారూ. దానికి ముందు సముద్రంలోది.”

ఆవిడ గండకి వైపు తిరిగి దండం పెట్టింది. “అయితే స్వామి కడలిలోంచే వచ్చాడన్నమాట.”

ఆ మాటలో భక్తీ శాస్త్రమూ తగవులాడుకున్నట్టు నాకు అనిపించలేదు. ముక్తినాథ్‌లో 108 ధారల కింద తడుస్తున్నప్పుడూ, జ్వాలామాయి గుడిలో నీటి చప్పుడు పక్కనే రాతి సందులోంచి వచ్చే సహజవాయువుతో వెలుగుతున్న చిన్న మంటను చూసినప్పుడూ అంతే.

అయితే ఆ దండంతో మన బాధ్యత తీరదు. పర్వతాన్ని లేపేదీ ఊళ్లను కూల్చేదీ ఒకే నెట్టుడు. భారత పలక ఏడాదికి సుమారు 4 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతోంది. అందులో దాదాపు 2 సెంటీమీటర్లు నేపాల్ హిమాలయంలోనే ఇముడుతున్నాయి. ఇమడడమంటే సాఫీగా జారడం కాదు. పలకలు బిగుసుకుని, వంగి, ఏళ్ల తరబడి ఒత్తిడి దాచుకుని, ఒక్క నిమిషంలో వదిలేస్తాయి. 2015 ఏప్రిల్ 25న గోర్ఖాలో 7.8 తీవ్రతతో అదే జరిగింది. కాఠ్‌మాండూ లోయ సుమారు మీటరు పైకి లేచింది. దాదాపు 9,000 మంది చనిపోయారు. పశ్చిమ నేపాల్‌లో 1505 తర్వాత మహాభూకంపం రాలేదు. ఏడాదికి 2 సెంటీమీటర్ల చొప్పున లెక్క కడితే పది మీటర్లు బాకీ. ఎప్పుడు తీరుతుందో ఎవరూ చెప్పలేరు, తీరకుండా మాత్రం ఉండదు.

2015లో ఎక్కువగా ప్రాణాలు తీసినవి మట్టితో పేర్చిన రాతి గోడలు. గోడ చుట్టూ అడ్డంగా కలపతోగానీ కాంక్రీటుతోగానీ పట్టీలు కట్టి, మూలలు బిగిస్తే అదే రాయి మనిషిని కాపాడుతుంది. భూకంపం తర్వాత నేపాల్ గ్రామాల్లో చాలా ఇళ్లు అలా లేచాయి. దారిలో అలాంటి గోడ ఎక్కడ కనబడినా నాకు గుడి గోపురం చూసినంత తృప్తి కలిగింది.

ఇది కొండల్లో ఉన్నవాళ్ల సంగతే అనుకోకూడదు. పలక అంచున పడే ఒత్తిడి దాని నడిబొడ్డుకూ చేరుతుంది. లోపల పాత పగుళ్లున్న చోట నేల కదులుతుంది. గోదావరి లోయ అలాంటిదే. 1969లో భద్రాచలం, 2024 డిసెంబర్ 4న ములుగు కంపించాయి. 1993లో లాతూర్‌లో వేలమంది చనిపోయిందీ ఇళ్లు కూలే. హిమాలయాన్ని చూసి చేతులు జోడించే మనం, మన ఊరి బడి గోడకు పట్టీ ఉందో లేదో కూడా అడగాలి. ఆ ప్రశ్నకు తీర్థయాత్ర అక్కర్లేదు, ఊళ్లోనే అడగవచ్చు.