వరుస కలిసిన వాళ్లు

పొద్దుగూకింది మొదలు రాత్రి భోజనాల వేళ దాకా తెలుగు టెలివిజన్ చూపించే కుటుంబాన్ని కొన్నాళ్లు వరసగా చూసినవారికి కలిగే చిరాకు చిన్నదేమీ కాదు. ఆ ఇంట్లో నడిమధ్యన మేడమెట్లు ఉంటాయి, మెట్ల కింద పట్టుచీరల్లో ఆడవాళ్లు బారులు తీరి నిలబడి ఉంటారు, ఆస్తి కాగితాల గురించో పుట్టుక రహస్యం గురించో వాదన నడుస్తూ ఉంటుంది. అయితే ఆ ఇంటికి పాలు పోసేది ఎవరో, పొలం చూసేది ఎవరో, పక్కింట్లో ఉండేది ఎవరో, జబ్బు చేస్తే ఆసుపత్రిలో రాత్రిళ్లు కూర్చునేది ఎవరో ఏళ్ల తరబడి చూసినా తెలియదు. కుటుంబమంటే నలుగురు రక్తబంధువులు ఒకరినొకరు అనుమానించుకునే చోటు అన్న అభిప్రాయం ఈ విధంగా ఇంటింటా స్థిరపడిపోతున్నది.

2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా నడిచిన ‘కార్తీక దీపం’ ఇందుకు తగిన ఉదాహరణ. తనకు పిల్లలు పుట్టరని నమ్మిన ఒక వైద్యుడు భార్యను అనుమానించి వదిలేయడం, కవలపిల్లల్లో ఒకరు తల్లి దగ్గర, ఒకరు తండ్రి దగ్గర పెరగడం ఆ కథకు ఇరుసు. అందులో భార్యగా నటించిన నటి అభినయం జనాన్ని కట్టిపడేసిందన్న మాట నిజమే గానీ, పిల్ల ఎవరి రక్తమో తేలితే తప్ప తండ్రికి తండ్రితనం రాదన్న ఊహ మీద అన్నేళ్ల కథను నిలబెట్టడం తెలుగువారి ఇళ్ల తీరుకు చేసిన అన్యాయమే. పెంచినవాళ్లకు మన ఊళ్లలో కన్నవాళ్లతో సమానమైన చోటు ఎప్పుడూ ఉంది.

తెరకు ఈ సంగతి మొదటి నుంచీ తెలియదనడం సరికాదు. 1962లో విజయా వారు తీసిన ‘గుండమ్మ కథ’లో ఇంటి పని కళ్లకు కనబడుతుంది. సవతి కూతురు లక్ష్మి చాకిరీ, పనివాడుగా వేషం కట్టి ఇంట్లో చేరిన అంజి ఆ చాకిరీలో పాలుపంచుకోవడం, రుబ్బురోలు దగ్గరి పాట, ఇవే ఆ ఇద్దరినీ దగ్గర చేస్తాయి. గుండమ్మ నోటిదురుసు ఎంతటిదైనా, ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుందనీ పిండి రుబ్బాలనీ చూసేవారికి తెలుస్తూనే ఉంటుంది. ఆ సినిమా కథానాయకులిద్దరూ, నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారక రామారావు, గుడివాడ దగ్గరి రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు, ఈ కృష్ణా డెల్టా రైతుకుటుంబాల బిడ్డలే కావడం వల్ల కాబోలు, ఆ తెరమీది ఇల్లు ఇక్కడివారికి ఎరిగిన ఇల్లులాగే ఉండేది. ఆ తరువాత 2001 నవంబరు నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన గుణ్ణం గంగరాజు ‘అమృతం’ ఇంకొక అడుగు ముందుకు వేసింది. అమృతరావు, ఆంజనేయులు స్నేహితులు. అమృతవిలాస్ అనే హోటలు వాళ్లది. వాళ్ల భార్యలు, ఇంటి యజమాని అప్పాజీ, హోటల్లో పనిచేసే సర్వం, వీళ్లందరూ కలిసి ఒక కుటుంబం. అద్దె కోసం, ఇడ్లీ కోసం పోట్లాడుకున్నా మర్నాటికి కలిసిపోయే ఆ మనుషుల మధ్య రక్తసంబంధం ఎంత అని చూసేవాళ్లెవరూ లెక్కవేయలేదు. తెలుగు టెలివిజన్‌లో వచ్చిన కుటుంబ కథలన్నిటిలోకీ ఉత్తమమైనది ఇదేనని చెప్పడానికి సంకోచించవలసిన పని లేదు.

ఎందుకంటే కుటుంబాన్ని నిలబెట్టే అసలు సూత్రం తెలుగునాట వరుసలో ఉంది. వరుస అంటే ఒక మనిషి మరొక మనిషిని ఏ చుట్టరికంతో పిలవాలో, ఆ పిలుపుతో పాటు ఏ బాధ్యత తలకెత్తుకోవాలో తేల్చే సంబంధం. తండ్రి అన్నదమ్ములు పెదనాన్న, బాబాయి అయి తండ్రుల లెక్కలోకి వస్తారు. తల్లి అక్కచెల్లెళ్లు పెద్దమ్మ, పిన్ని అయి తల్లుల లెక్కలోకి వస్తారు. వీళ్ల పిల్లలందరూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. తండ్రి తోడబుట్టినది అత్త, తల్లి తోడబుట్టినవాడు మామ, వాళ్ల పిల్లలు బావలు, వదినలు, మరదళ్లు. దక్షిణ భారతమంతటా కనిపించే ఈ అమరికను మానవశాస్త్రజ్ఞులు ద్రావిడ బంధుత్వ పద్ధతి అంటారు. థామస్ ట్రౌట్‌మన్ 1981లో దీని మీద ఒక పెద్ద గ్రంథమే ప్రచురించాడు. ఈ అమరికలో ఉన్న బలమేమిటంటే ఎక్కడా ఖాళీ ఉండదు. ఒక్క సంబంధం ఖాయం చేస్తే చాలు, మిగిలినవన్నీ వాటంతట అవే ఖాయమవుతాయి. వేలు విడిచిన మేనమామ, బీరకాయ పీచు చుట్టరికం అని జనం చెప్పుకునే దూరపు బంధువులకు ఎలా చోటు దొరుకుతుందో, ఏ చుట్టరికమూ లేని కొత్తవాళ్లకూ అదే దారిన చోటు దొరుకుతుంది.

కంకిపాడులో ఇది ఇప్పటికీ చూడవచ్చు. విజయవాడ నుంచి బందరు వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్న ఈ ఊరు సగం పల్లె, సగం పట్నం. ఒక పక్క వరిచేలు, మరొక పక్క అపార్టుమెంట్లు. విజయవాడలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఇక్కడా, ఈడుపుగల్లులోనూ ఇళ్లు తీసుకుని ఉంటారు. ఏ ఉత్తరాంధ్ర నుంచో రాయలసీమ నుంచో వచ్చి అద్దెకు దిగిన ఇల్లాలు ఇంటి యజమానిని మొదటి నెలలో ‘అండీ’ అంటుంది. ఆరు నెలలు తిరిగేసరికి, పిల్లకు జ్వరం వచ్చిన ఒక రాత్రి ఆయన బండి తీసి ఆసుపత్రికి తీసుకువెళ్లిన తరువాత, ‘బాబాయిగారూ’ అంటుంది. ఆ ఒక్క పిలుపుతో ఆయన భార్య పిన్ని అవుతుంది, వాళ్ల అబ్బాయి అన్నయ్యో తమ్ముడో అవుతాడు, ఆయన చెల్లెలు పండక్కి వస్తే ఆమె అత్తయ్య అవుతుంది, అద్దెకున్న ఇల్లాలి భర్త ఆ పెద్దవాళ్లకు అల్లుడు, వాళ్ల అబ్బాయికి బావ అవుతాడు. ఇల్లు మారినా వరుస మారదు. ఆ ఇల్లాలి పిల్లలు పెద్దవాళ్లై పెళ్లిళ్లు చేసుకునే నాటికి పీటల దగ్గర ఈ తాతయ్య, అమ్మమ్మ ఉండి తీరాలి. వాళ్లను పిలవకపోతే సొంతవాళ్లను మరిచినంత తప్పు.

ఈ సంబంధాలన్నీ నమోదయ్యే పుస్తకం ఒకటి ప్రతి ఇంటి బీరువాలోనూ ఉంటుంది. దానిని చదివింపుల పుస్తకం అంటారు. చదివింపులంటే పెళ్లికి వచ్చినవారు ఇచ్చే కానుకలు. నాలుగు మూలలా పసుపు రాసిన ఆ నోటు పుస్తకంలో పేరు, ఊరు, నూటపదహార్లో వెయ్యినూటపదహార్లో ఒక అంకె, ఇంటిపేర్లు కలిసేచోట తేడా తెలియడానికి బ్రాకెట్లో ‘తెన్నేరు మామయ్య’, ‘గొడవర్రు పిన్నిగారి అల్లుడు’ అని ఒక గుర్తు ఉంటాయి. ఆ పేర్లలో చాలామందికి ఆ ఇంటితో రక్తసంబంధం ఉండదు. పదో తరగతి కలిసి చదువుకున్నవాళ్లు, ఒకే బస్సులో ఏళ్ల తరబడి ఉద్యోగానికి వెళ్లినవాళ్లు, పక్కచేను రైతులు ఉంటారు. వాళ్లింట్లో శుభకార్యం వచ్చిన రోజున ఈ పుస్తకం తీసి చూసి, అంతకు తగ్గకుండా చదివించి రావడం మర్యాద. శుభలేఖ మీద ‘బంధుమిత్ర సపరివార సమేతంగా’ అని అచ్చువేసేది మాటవరసకు కాదు. బంధువులకూ మిత్రులకూ ఒకటే పుస్తకం, ఒకటే పంక్తి.

ప్రభుత్వమూ న్యాయస్థానాలూ కూడా కుటుంబాన్ని రక్తంతో మాత్రమే కొలవలేదు. జనాభా లెక్కల వారికి కుటుంబమంటే మామూలుగా ఒకేచోట ఉంటూ ఒకే వంటింటి భోజనం చేసేవాళ్లు. కోస్తా, సీమ జిల్లాల్లో కమ్మ, రెడ్డి కుటుంబాలలో ఉన్న ఇల్లరికాన్ని, అంటే అల్లుణ్ని ఇంటికి తెచ్చుకుని సేద్యం అప్పగించి కొడుకుతో సమానంగా ఆస్తి ఇచ్చే ఆచారాన్ని, న్యాయస్థానాలు చాలాకాలం కిందటే గుర్తించాయి. దత్తు వెళ్లినవాడికి భిన్నంగా ఈ అల్లుడు తన పుట్టింటి ఆస్తిలో హక్కునూ పోగొట్టుకోడు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా అన్న సవరణ 1980లలోనే ఆంధ్రప్రదేశ్ చట్టమైంది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. కుటుంబపు హద్దులు కాలాన్ని బట్టి, అవసరాన్ని బట్టి జరుగుతూ వచ్చాయనడానికి ఇవి చాలు.

పూర్వీకుల విషయంలోనూ ఇదే. పెద్దలంటే తండ్రి, తాత, ముత్తాత అనీ, వసు రుద్ర ఆదిత్య రూపాలలో వారికి పిండాలు పెడతారనీ అందరూ ఎరిగినదే. సంక్రాంతికి పెద్దల పటాల ముందు కొత్త బట్టలు పెట్టి, వాళ్లు బతికి ఉండగా ఇష్టపడిన వంటకాలు వడ్డించడం ఈ ప్రాంతంలో ప్రతి ఇంటా ఉంది. అయితే భాద్రపద బహుళంలో వచ్చే మహాలయ పక్షంలోనూ, పుష్కరాలలోనూ చేసే తర్పణం ఈ ముగ్గురితో ఆగదు. తల్లివైపు వాళ్లు, అత్తమామలు, తోడబుట్టినవాళ్లు అయ్యాక, కారుణ్య పితరులన్న పేరుతో గురువుకు, స్నేహితుడికి కూడా పేరుపేరునా నీళ్లు వదులుతారు. అన్నీ అయ్యాక, తల్లీ తండ్రీ బంధువూ స్నేహితుడూ ఎవరూ లేకుండా పోయిన వాళ్ల కోసం కూడా ఒక దోసెడు నీళ్లు విడుస్తారు. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు కృష్ణా పుష్కరాలు జరిగిన రోజుల్లో విజయవాడ ఘాట్లలో పిండప్రదానాలకు కూర్చున్నవాళ్లు ఈ క్రమమే పాటించారు. స్నేహితుణ్ని కుటుంబంలో లెక్కించడం ఈ కాలపు కొత్త పోకడ అనుకునేవారు ఆ తర్పణ మంత్రాలు ఒక్కసారి శ్రద్ధగా వినాలి.

ఇంతటి విశాలమైన వరుసకూ ఒక పెద్ద లోపం ఉంది, దానిని దాచిపెట్టి పొగడడం ధర్మం కాదు. ఊరి వరుసలు చాలాకాలం పాటు వాడ పొలిమేర దగ్గర ఆగిపోయాయి. పొలంలో నడుము వంచి ఊడ్చిన డెబ్బై ఏళ్ల మనిషిని రైతు ఇంటి పదేళ్ల కుర్రవాడు పేరు పెట్టి ‘ఒరే’ అని పిలిచిన రోజులు ఈ డెల్టాలో ఉన్నాయి. ఊరందరికీ వరుసలు పంచిన చోట, ఊరికి అన్నం పెట్టిన మనుషులకు మాత్రం వరుస దక్కలేదు.

ఆ లోపాన్ని సరిదిద్దడానికి తన సొంత కుటుంబాన్నే ముందు పెట్టినవాడు గోరా. గోపరాజు రామచంద్రరావు (1902–1975) సనాతన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, జంధ్యం తీసేసి, ఆ కారణంగా ఇంటికి దూరమై, బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి, 1940లో కంకిపాడుకు కొద్ది మైళ్లలోనే ఉన్న ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పాడు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. ఆయనా భార్య సరస్వతీ కులాలన్నీ కలిసి కూర్చుని తినే సహపంక్తి భోజనాలు నడిపారు. పిల్లలకు పెట్టిన పేర్లలో వంశం జాడ లేదు: ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుకు లవణం, యుద్ధకాలపు కొడుకు సమరం, తొమ్మిదో బిడ్డ నౌ. పెద్దకూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయమైతే సేవాగ్రాంలో తానే జరిపిస్తానని గాంధీ మాట ఇచ్చాడు. ఆయన హత్య తరువాత, 1948 మార్చిలో, అక్కడే ఆ పెళ్లి జరిగింది. 1960లో లవణం మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడాడు. తద్దినాలూ గోత్రాలూ వదులుకున్న ఈ ఇల్లు కుటుంబాన్ని మాత్రం వదులుకోలేదు. వియ్యంకులనూ అల్లుళ్లనూ కోడళ్లనూ తానే ఎంచుకుని, ఊరు నిరాకరించిన వరుసలను తన పందిట్లో కలిపింది. కృష్ణా జిల్లా చరిత్రలో కుటుంబం గురించి ఇంతకంటే పెద్ద పని ఎవరూ చేయలేదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

హేమలతా లవణం (1932–2008) ఆ పనిని ఇంకా దూరం తీసుకుపోయింది. స్టూవర్టుపురంలో నేరస్థులని ముద్రపడిన కుటుంబాల మధ్య పనిచేసింది. నిజామాబాద్ ప్రాంతంలో జోగినీల విముక్తికి పూనుకున్నది. జోగిని అంటే చిన్నతనంలోనే దేవుడికి ఇచ్చి పెళ్లి చేశామని చెప్పి ఊరి మగవాళ్ల పాలు చేసిన ఆడపిల్ల. తండ్రి పేరు చెప్పుకోలేని ఆమె పిల్లలను కలుపుకునే వంశం ఉండదు, ఆమెను తోబుట్టువుగా పిలిచే నోరూ ఊళ్లో ఉండదు. ఆ దురాచారాన్ని నిషేధిస్తూ 1988లో రాష్ట్రం చట్టం చేసింది. చట్టం నేరాన్ని ఆపగలదు, శిక్ష వేయగలదు. ఒక మనిషికి అక్కనో చెల్లినో ఇవ్వడం దానికి చేతకాదు. హేమలత వాళ్ల కోసం ఏర్పాటు చేసిన ఆశ్రయానికి ‘చెల్లి నిలయం’ అని పేరు పెట్టింది. చెల్లి అన్నాక ఆ ఇంటి గడప మీద బాధ్యత ఉంటుంది: పండక్కి చీర పెట్టాలి, కష్టం వస్తే వెళ్లి నిలబడాలి, పిల్లల పెళ్లిళ్లకు మేనమామ పీట మీద కూర్చోవాలి. అంత బరువునూ తెలిసే ఎత్తుకోవడానికి ఒప్పుకున్నవాళ్లు, వాళ్ల నెత్తురు ఎవరిదైనా సరే, కుటుంబమే.