తొమ్మిది వేల మిషనా, ముప్పై వేల మిషనా?



పది రోజుల నుంచి ముగ్గురు నలుగురు ఇదే అడుగుతాండారు. "అన్నా, గట్ల మీద గడ్డి కోసే మిషన్ చైనాది తొమ్మిది వేలకు ఇస్తాండారు, కంపెనీది ముప్పై వేలు చెప్తాండారు, ఏది తీసుకోమంటావు?" అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాస్తే అందరికీ ఉంటుందని రాస్తున్నాను. కొంచెం పొడుగైతుంది, ఓపిగ్గా చదవండి.

మన గూడూరు పక్క సేద్యానికి ఇదివరకు ఈ గొడవ లేదు. గుంటక, గొర్రు, కొడవలి, పార ఉంటే సరిపోయేది. ఇప్పుడు పత్తి ఏరే కాలం, గుంటూరులో మిరపకాయ కోతల కాలం వచ్చిందంటే ఆదోని, కోసిగి, పెద్దకడబూరు పక్క ఊర్లకు ఊర్లే సుగ్గికి పోతాయి. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, ఇక్కడ వాన నమ్ముకుని కూర్చుంటే కడుపు నిండదు. కానీ ఉన్నోళ్లకు కూలి మనిషి దొరకడం లేదు. అందుకే రెండెకరాలోడు కూడా ఇంట్లో నాలుగు మిషన్లు పెట్టుకోక తప్పడం లేదు. నాకు నాలుగున్నర ఎకరాలు. చార్జింగ్ పంపు, గడ్డి మిషన్, చిన్న గ్రైండరు, డ్రిల్లు ఉన్నాయి. వాటిల్లో చవకవీ ఉన్నాయి, ఖరీదైనవీ ఉన్నాయి. రెండూ తెలిసే కొన్నాను.

నేను మిషన్ ధర చివర్లో అడుగుతాను. ముందు ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుందో లెక్క వేసుకుంటాను. మోటారు షెడ్డు తలుపు లోపల సుద్దతో రాసిపెట్టే అలవాటు నాకు. ఆ లెక్క ప్రకారం గడ్డి మిషన్ ఏడాదికి పాతిక గంటలు. గ్రైండరు నాలుగైదు గంటలు. డ్రిల్లు రెండు గంటలు కూడా తిరగదు. మందు కొట్టే పంపు మాత్రం ఎంతో తెలుసా? ఎకరాకు రెండు వందల లీటర్ల నీళ్లు అనుకుంటే పదహారు లీటర్ల ట్యాంకుతో పన్నెండున్నర ట్యాంకులు. నాలుగెకరాల పత్తికి యాభై ట్యాంకులు. నింపుకోవడం, కలుపుకోవడం, కొట్టడం అంతా కలిపి ట్యాంకుకు పద్దెనిమిది నిమిషాలు వేసుకున్నా పదిహేను గంటలు. ఆరు సార్లు కొడితే తొంభై గంటలు.

ఇప్పుడు గడ్డి మిషన్ సంగతి చూడండి. మా చుట్టుపక్కల నేను చూసిన తొమ్మిది వేల మిషన్లు సరిగ్గా చూసుకుంటే నూట యాభై గంటల దాకా పెద్ద రిపేరు లేకుండా నడిచినాయి. అంటే గంటకు అరవై రూపాయలు. ముప్పై వేలది దానికి నాలుగింతలు, ఆరు వందల గంటలు వస్తుందనే అనుకుందాం. గంటకు యాభై. చూస్తే ఖరీదైనదే చవక అనిపిస్తాంది కదా? కానీ ఏడాదికి పాతిక గంటలు వాడేవాడికి ఆరు వందల గంటలు పూర్తి కావాలంటే ఇరవై నాలుగేండ్లు పడుతుంది. నాకు ఇప్పుడు యాభై నాలుగు. డెబ్బై ఎనిమిదేండ్లకు భుజాన మిషన్ తగిలించుకుని గట్లు కోస్తానా? అంతదాకా పెట్రోలు పైపులు, కార్బొరేటర్ లోపలి రబ్బరు ఉండవు, ఎండి పగిలిపోతాయి. పదేండ్లకే మూలన పడితే మనం వాడింది రెండు వందల యాభై గంటలు, గంటకు నూట ఇరవై పడినట్టు. అందుకే నేను గడ్డి మిషన్ చవకది కొన్నాను. అదే బాడుగకు పోయే పిల్లోడైతే ఏడాదికి మూడు వందల గంటలు తిప్పుతాడు. వానికి చవకది ఏడాదికి రెండు కావాలి, పైగా అది ఊరోళ్ల చేన్లో ఆగిపోతే ఆ రోజు కూలీ పాయె, మళ్లీ పిలిచేటోడు ఉండడు. వాడు ముప్పై వేలది కొనాల్సిందే.

కంపెనీలు కూడా ఇదే లెక్క వేస్తాయి. బాష్ వాళ్లు ఇంటి వాడకానికి పచ్చ రంగు మిషన్లు, రోజంతా పని చేసుకునేవాళ్లకు నీలం రంగు మిషన్లు చేస్తారు. డివాల్ట్, బ్లాక్ అండ్ డెక్కర్ రెండూ ఒకే కంపెనీవి. పేరొక్కటే చూసి డబ్బులిచ్చేటోళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పేరున్న కంపెనీలో కూడా తక్కువ గంటల సరుకు ఉంటుంది.

చవక గడ్డి మిషన్ ఎక్కువ మంది చేతిలో తొందరగా చచ్చేది ఆయిల్ దగ్గర. టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోల్లో ఆయిల్ కలపాల. పాతికకు ఒకటి అని పుస్తకంలో ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, యాభైకి ఒకటి అంటే 20. స్టిల్ కంపెనీవాళ్లు తమ ఆయిల్ పోస్తే యాభైకి ఒకటి, వేరే ఆయిల్ అయితే పాతికకు ఒకటి అని చెప్తారు. మనోళ్లు సీసా మూతతో అందాజుగా పోస్తారు. ఫోర్ స్ట్రోక్ అయితే పెట్రోల్లో కలపకూడదు, ఆయిల్ వేరేగా పోయాల. సీజను అయిపోయినాక ట్యాంకులో పెట్రోలు వంచేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టండి.

ఇంక మందు పంపు. చవకది అస్సలు కొనొద్దని నేను గట్టిగా చెప్పేది దీని గురించే. గంటలు ఎక్కువని ఒక్కటే కాదు కారణం. ఆ పంపులోంచి పోయేది పంపు కంటే ఖరీదైన సరుకు. ఎకరాకు ఒకసారికి మందు వెయ్యి రూపాయలనుకుంటే నాలుగెకరాలకు ఆరు సార్లకు ఇరవై నాలుగు వేలు. బ్యాటరీ సగం దిగేసరికి ప్రెషర్ తగ్గిపోయి, చుక్క లావై ఆకు మీద నిలబడక కిందికి కారితే అందులో పదో వంతు మట్టిలో పోయినట్టే. రెండు వేల నాలుగు వందలు. మంచి పంపుకూ, చవక పంపుకూ తేడా సుమారు అంతే ఉంటుంది! పైగా పురుగు చావదు. గులాబీ పురుగు కాయలోకి దూరినాక మనం ఎంత కొట్టినా లోపలికి పోదు. అదను రెండు మూడు రోజులే. ఆ రోజు పంపు ఆగిపోతే పక్కోని దగ్గర అడుక్కుందామన్నా వాడూ అదే రోజు కొట్టుకుంటుంటాడు.

రెండో సంగతి ఒళ్లు. ట్యాంకు మూత సరిగ్గా బిగియక, పైపు అతుకు దగ్గర కారితే ఆ మందు మన వీపు మీదికి వస్తుంది. తొంభై గంటలు తడిసిన చొక్కాతో తిరగడమంటే ఏందో ఆలోచించండి. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి ఇరవై మంది దాకా చనిపోయినారు. మనలాంటి పత్తి సేద్యగాళ్లు, కూలోళ్లే. చెట్టు ఎత్తుగా పెరగడం, రెండు మూడు మందులు కలిపి కొట్టడం, మూతికి చేతికి ఏమీ లేకపోవడం, ఇట్లా చాలా కారణాలు చెప్పినారు. చవకగా వచ్చిన చైనా బ్యాటరీ పంపుల పేరు కూడా అప్పుడు వచ్చింది, మరీ సన్నగా పొగమాదిరి కొడతాయని. నేను పంపు కొనేటప్పుడు షాపులోనే నీళ్లు పోయించి, భుజాన వేసుకుని, వంగి లేచి, వీపు తడిసిందా లేదా చూసుకుంటాను. షాపాయన నవ్వుతాడు. నవ్వుకోనీ.

కొన్నాక మనం చేయాల్సింది కూడా ఉంది. వీటిల్లో ఎక్కువగా 12 వోల్టుల లెడ్ బ్యాటరీ ఉంటుంది, 8 ఆంపియర్లదో 12 ఆంపియర్లదో. పత్తి అయిపోయినాక చార్జింగ్ లేకుండా మూలన పెడితే లోపల ప్లేట్లు గట్టిపడిపోతాయి, మళ్లీ ఎక్కదు. పంపు పాడైందని పారేసేటోళ్లలో సగం మంది బ్యాటరీ ఇట్లనే చంపుకున్నోళ్లు. వేసవిలో నెలకొకసారి చార్జింగ్ పెట్టండి, చాలు. పురుగు మందుకు గుండ్రంగా చిమ్మే హాలో కోన్ నాజిలు, గడ్డి మందుకు విసనకర్రలా పరిచే నాజిలు వేరుగా పెట్టుకోండి. నాజిలు అరిగితే మార్చండి, దాని ధర ఎంతని.

గ్రైండరు, డ్రిల్లు చవకవి చాలు. ఏడాదికి నాలుగు గంటలకు నీలం రంగు ఎందుకు? కానీ గ్రైండరు బిళ్ల దగ్గర మాత్రం పది రూపాయలు మిగిలించుకోవద్దు. నాలుగించుల గ్రైండరు నిమిషానికి పదకొండు వేల చుట్లు దాకా తిరుగుతుంది. బిళ్ల మీద రాసిన చుట్లు దానికంటే ఎక్కువ ఉండాల, మంచి బిళ్ల మీద పదిహేను వేల పైనే రాసుంటుంది. దాని మీద ఎక్స్‌పైరీ తేదీ కూడా ఉంటుంది, చాలా మందికి తెలీదు. గార్డు పీకేసి వాడేటోళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. చవక మిషన్, మంచి బిళ్ల, గార్డు, కండ్లకు అద్దాలు. ఈ జత నాకు బాగా కుదిరింది.

ఇప్పుడు కొత్తగా చార్జింగ్ డ్రిల్లులు, కొమ్మలు కత్తిరించే కత్తెర్లు వస్తాండాయి. 48, 88, 128 అని పెద్దగా రాస్తారు. మోసపోకండి. లోపల ఎక్కువగా ఐదు సెల్లులే ఉంటాయి. ఒక్కో సెల్లు మామూలుగా 3.6 వోల్టులు, ఫుల్ చార్జింగ్‌లో 4.2. ఐదు కలిపితే 18, ఫుల్లుగా ఉన్నప్పుడు 21. అంటే 18 అని రాసిన కంపెనీదీ, 21 అని రాసిన చవకదీ వోల్టుల్లో ఒకటే. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కు ఎక్కదు, అది కూడా చూసుకోండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. మిషన్ అమ్మే షాపుకు పోకముందే రిపేరు షాపుకు పోండి. ఆదోనిలో ఇన్ని జిన్నింగు మిల్లులు ఉండబట్టి మోటార్లు చుట్టేటోళ్లకు, బేరింగులు అమ్మేటోళ్లకు కొదవ లేదు. ఎమ్మిగనూరు, కర్నూల్లో కూడా ఉన్నారు. "ఫలానా మిషన్‌కు కార్బన్ బ్రష్షులు ఉన్నాయా? ఆర్మేచర్ దొరుకుతుందా? ఎంతవుతుంది?" అని అడగండి. బేరింగు చవక దాంట్లోనూ ఖరీదైన దాంట్లోనూ అవే నంబర్లది ఉంటుంది, 608 అంటే ఎక్కడైనా 608నే. మా పక్క చేనాయన చాలా ఖరీదైన మిషన్ కొన్నాడు, నిజంగా మంచి మిషన్. ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క విరిగితే అది వచ్చేదాకా ఇరవై రెండు రోజులు. అంతలో గడ్డి మోకాటి ఎత్తు పెరిగింది. మా దగ్గర స్పేరు దొరకని మిషన్ ఎంత మంచిదైనా నేను దాని జోలికి పోను.

ఏడాదికి రెండు మూడు రోజులే వాడే చెట్లు కోసే రంపం లాంటివి కొనే పనే లేదు, బాడుగకు తెచ్చుకోండి, లేదంటే నలుగురు కలిసి కొనుక్కోండి. మేము కంప చెట్లు కొట్టేదానికి అట్లనే చేస్తాండాం. సబ్సిడీ మీద వస్తే చిన్న సన్నకారు రైతుకు సగం దాకా తగ్గుతుంది, మంచిదే. కానీ సబ్సిడీ లిస్టులో ఉన్న మోడలుకు ఇక్కడ స్పేర్లు దొరుకుతాయా అని మాత్రం ముందే కనుక్కోండి.

తైవాన్ పంపుల సంగతి, బోరు మోటారు సంగతి ఈ రోజు రాయలేదు, వాటి లెక్క వేరే. కామెంట్లలో మీ పంపు ఏ కంపెనీదో రాయడం కంటే, బ్యాటరీ ఎన్ని సీజన్లు వచ్చింది, మీ ఊరి దగ్గర గ్రైండరు ఆర్మేచర్ చుట్టడానికి ఎంత తీసుకుంటాండారు అనేది రాయండి. కోడుమూరు పక్కోళ్లు ముఖ్యంగా చెప్పండి, మా బావమరిది గ్రైండరు ఒకటి కాలిపోయి ఉంది.